జింకలకు మేతమడి: దానమా, ఎరా?

మార్చి నెల వచ్చిందంటే మిచిగన్ పల్లెపట్టుల్లో విత్తనాల దుకాణాల ముందు ఒక ప్రత్యేకమైన సంచుల వరస కనిపిస్తుంది. వాటిలోని విత్తనాలు మనుషుల తిండికి కాదు, పెంపుడు పశువుల మేతకూ కాదు. అడవి జింకల కోసం. నగరాల శివార్లలో ఉండే మన సోదర సోదరీమణులకు ఇది వింతగా తోచవచ్చు. ఇక్కడి వారు దీన్ని ‘ఫుడ్ ప్లాట్’ అంటారు. మనం మేతమడి అనుకుందాము. అడవి అంచున అరెకరమో ఎకరమో దున్ని, సున్నం చల్లి, ఎరువు వేసి, విత్తనం చల్లి, కంచె మాత్రం వేయకుండా వదిలేస్తారు, వచ్చి తినమని. నవంబరు 15వ తేదీన తుపాకి వేట మొదలవుతుంది. అప్పటికి మడి పక్క చెట్టు మీద మంచె సిద్ధంగా ఉంటుంది.

మంచె అన్న మాట రాస్తుంటే మాకు నవ్వు వస్తుంది. నారాయణపేట వైపు కృష్ణాతీరపు పల్లెల్లో కృష్ణజింకలు మందలు మందలుగా చేలల్లో పడి మొలకలను మేసిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం వాటిని తాకడానికి లేదు. రైతులు రాత్రుళ్ళు నిద్రలు మానుకొని కాపలా కాస్తారు. అక్కడ మంచె జింకను చేలో పడకుండా తోలడానికి. ఇక్కడ మంచె జింక చేలోకి వచ్చేదాకా ఎదురుచూడడానికి. పంట అదే, మంచె అదే, జింక కూడా ఇంచుమించు అదే. మనిషి ఉద్దేశమే తలకిందులు.

ఈ విషయం మీద ఇంత ఆలోచన దేనికంటే, మాకు ఈ వసంతంలో ఒక మాట చెప్పక తప్పలేదు. మేమిద్దరమూ వైద్యులము. వీసా నిబంధన ప్రకారం డాక్టర్లు చాలని చిన్న ఊరిలో మూడేళ్ళు పని చేయడానికి వచ్చి, ఆ ఊరు నచ్చి అక్కడే నిలిచిపోయిన వాళ్ళము. మా ఇంటి వెనుక పదకొండు ఎకరాలుంది. అందులో ఎకరం ఖాళీ, తక్కినది మేపుల్, ఓక్ చెట్లు. పక్కింటి పెద్దాయన వ్యవసాయం మానుకొన్న రైతు. పాత యజమాని కాలంలో ఆయన ఆ ఎకరంలో విత్తి, మా అడవిలో వేటాడుకొనేవాడట. ఈసారి కూడా దున్నడం, విత్తడం అంతా తానే చేస్తానన్నాడు. ఏం విత్తాలో మీరే చెప్పండి, నవంబరులో మంచె ఎక్కడానికి మాత్రం అనుమతి ఇవ్వండి అన్నాడు. మర్యాదస్తుడు. వైద్యానికి వచ్చినప్పుడల్లా తోటలోని టమాటాలు పట్టుకొచ్చే మనిషి.

మా ఇంట్లో మాంసం వండము. భారతదేశం నుంచి వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉన్న మా అమ్మ ఈ సంగతి విని ఒక్క మాట అన్నది: “పెట్టిన చేత్తోనే ప్రాణం తీస్తారట్రా?” ఆ ప్రశ్నను అంత తేలికగా పక్కన పెట్టడానికి వీలు లేకపోయింది.

దానానికీ ఎరకూ తేడా ఏమిటి? పెట్టిన వాడికి తిరిగి ఏమైనా రావాలన్న ఆశ ఉంటే అది దానం కాదని మన పెద్దలు ఎప్పుడూ చెబుతూనే ఉన్నారు. ఆ లెక్కన లోకంలో దానం అన్నదే అరుదు. ఆస్పత్రులలో పని చేసే వారికి మందుల కంపెనీల వారు మధ్యాహ్నం తెచ్చిపెట్టే భోజనం సంగతి తెలుసు. వేడి వేడి బిర్యానీ పెట్టి, మనం తింటూ ఉండగా పది నిమిషాలు కొత్త మాత్ర గురించి చెబుతారు. ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు. అయినా ఆ భోజనాల లెక్క ప్రజలకు తెలియాలని అమెరికా ప్రభుత్వం 2013 నుంచి నమోదు చేయిస్తున్నది. తిండి పెట్టడం అంత అమాయకమైన పని కాదని ప్రభుత్వానికి కూడా తెలుసునన్నమాట.

జింకల విషయంలో చట్టం మరొక గీత గీసింది. మొక్కజొన్న గింజలు, క్యారట్లు, చక్కెర దుంపలు కుప్పలుగా పోసి జింకలను రప్పించడాన్ని మిచిగన్ దక్షిణ ద్వీపకల్పంలో 2019లో నిషేధించారు. నేలలో నాటి పెంచిన మేత మాత్రం ఆ నిషేధం కిందికి రాలేదు. కుప్ప పోస్తే ఎర, మొలిపిస్తే పంట! మొదట చదివినప్పుడు మాకు ఇది వకీళ్ళ తర్కంలా తోచింది. వైద్యులుగా ఆలోచిస్తే అర్థం కనిపించింది. 1994లో ఈ రాష్ట్రపు ఈశాన్యాన అల్పీనా ప్రాంతంలో వేటగాడు కొట్టిన ఒక జింకలో పశువుల క్షయ బయటపడింది. వెతికితే మరికొన్నింటిలోనూ కనిపించింది. చలికాలంలో కుప్పల చుట్టూ మూతులు మూతులు ఆనించి తినడం వల్ల ఆ జబ్బు పాకుతున్నదని తేలింది. మన దేశంలో క్షయ వార్డుల్లో చదువుకొన్న వాళ్ళకు ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు. ఇరుకు గది ఏమి చేస్తుందో కుప్ప కూడా అదే చేస్తుంది. పోతే, క్రానిక్ వేస్టింగ్ అనే మరొక జబ్బు ఉంది. 1967లో కొలరాడోలో మొదట గుర్తించారు. మిచిగన్ అడవి జింకలలో 2015లో కనిపించింది. అది సూక్ష్మజీవి వల్ల కాదు, వంకర తిరిగిన ప్రోటీన్ వల్ల వచ్చేది. మందు లేదు, ఆ ప్రోటీన్ మట్టిలో ఏళ్ళ తరబడి చావదు. ఎకరం మడిలో జింకలు ఎడం ఎడంగా మేస్తాయి గనుక కుప్ప కన్న మడి నయం. బొత్తిగా ప్రమాదం లేదని మాత్రం ఎవరూ చెప్పలేరు.

అయితే చట్టం గీత రోగం దగ్గర ఆగిపోతుంది. మా అమ్మ అడిగిన ప్రశ్న రోగం గురించి కాదు.

ఆ ప్రశ్నకు జవాబు విత్తనాల సంచుల్లోనే కొంత దొరుకుతుందని మా అభిప్రాయం. ఏమి నాటుతున్నామన్నది ఎవరి కోసం నాటుతున్నామో చెప్పేస్తుంది. ఆ సంచుల మీద బొమ్మ చూడండి: ఎప్పుడూ పెద్ద కొమ్ముల మగజింకే. చూలు లేడి బొమ్మ గానీ, పిల్ల బొమ్మ గానీ ఉన్న సంచి మాకింతవరకూ కనిపించలేదు. కొమ్ముల బొమ్మ ఉన్న సంచికి ధర ఎక్కువ, లోపల ఉన్నది మామూలు క్లోవరే అయినా.

తెల్లతోక జింక ఏడాది ఎలా గడుస్తుందో కాస్త చెప్పుకోవాలి. శీతకాలమంతా చెట్ల రెమ్మలు, మొగ్గలు కొరుక్కొని బతుకుతుంది. వసంతానికి ఒంట్లో అయిదో వంతు బరువు కరిగిపోయి ఉండవచ్చు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా మగజింకకు కొత్త కొమ్ములు పెరుగుతాయి. జంతుశరీరంలో అంత వేగంగా పెరిగే ఎముక మరొకటి లేదంటారు. ఆడజింక రెండు వందల రోజులు మోసి మే చివరనో జూన్‌లోనో ఈనుతుంది, తరచుగా కవలలను. పాలిచ్చే తల్లికి ఆ రెండు మూడు నెలలే అసలు కష్టకాలం. కనుక ఏప్రిల్, మే, జూన్ నెలల్లో పచ్చగా, మాంసకృత్తులు నిండుగా ఉండే మేత దొరికితే లాభపడేది ముఖ్యంగా తల్లీ పిల్లలే. తెల్ల క్లోవర్, ఎర్ర క్లోవర్, ఓట్స్, చికోరీ అలాంటివి. చికోరీ అంటే మరేమీ కాదు, మన ఫిల్టరు కాఫీలో కలిపే చికోరీయే; మనం వేరు వేయించి తాగుతాము, జింక ఆకు తింటుంది.

చలికి తియ్యబడే టర్నిప్ ఆకులు, ముల్లంగి వంటివి ఆగస్టులో చల్లుతారు. అవి నవంబరు, డిసెంబరులకు నోరూరిస్తాయి, వేట కాలానికి సరిగ్గా అందివస్తాయి. నడి శీతకాలంలో దయతో మొక్కజొన్న గింజలు పోసే వారు కూడా ఉన్నారు. అది మరీ అపకారం. నెమరువేసే జంతువు కడుపులో ఆ రుతువు మేతకు తగిన సూక్ష్మజీవులే ఉంటాయి. రెమ్మలకు అలవాటుపడిన కడుపులోకి ఒక్కసారిగా గింజలు దిగితే ఆమ్లం పేరుకొని, నిండు కడుపుతోనే జింక చచ్చిపోతుంది. ఆకలితో అలమటించిన రోగికి ఒక్కసారిగా తిండి పెట్టకూడదని మనం చదువుకొన్నదానికి ఇది దగ్గర చుట్టం. జాలి పుట్టిన వెంటనే చేయి చాచడం వైద్యం కాదు.

ఇంతకూ దక్షిణాది రాష్ట్రాలలో మేతమడుల కోసం అమ్మే విత్తనాల పట్టీ చదువుతుంటే మాకు పుట్టిల్లు గుర్తుకొచ్చింది. ల్యాబ్‌ల్యాబ్ అని అమ్మేది మన చిక్కుడు. కౌపీ అంటే అలసందలు. సన్ హెంప్ అంటే వరికోతల తరువాత డెల్టా చేలల్లో పశువుల మేతకు చల్లే జనుము. జొన్న, సజ్జ కూడా ఉన్నాయి. మన వంటింటి దినుసులన్నీ టెక్సాస్, జార్జియా జింకల పాలవుతున్నాయి! మా చలి నేలలో నేల వేడెక్కే సరికి మే నెల గడిచిపోతుంది. చిక్కుడైనా సోయా అయినా ఎకరం చెక్కలో వేస్తే రెండాకులు వేసే లోపలే మోడు చేసిపోతాయని పక్కింటి పెద్దాయన చెప్పాడు. వాటికి పెద్ద కమతం కావాలి.

సరే, తల్లీ పిల్లల కోసం క్లోవర్ నాటి, వేట వద్దని పెద్దాయనకు చెప్పేస్తే పుణ్యం కదా అని మా ఇంట్లోనే ఒక వాదం లేచింది. మొదట్లో మాకు అదే నచ్చింది. కానీ అక్కడే అసలు చిక్కు ఉంది.

1900 ప్రాంతంలో అమెరికా మొత్తం మీద తెల్లతోక జింకలు అయిదు లక్షలకు మించి లేవని అంచనా. ఇవాళ మూడు కోట్లంటారు. మిచిగన్ ఒక్కదానిలో ఇరవై లక్షల దాకా ఉన్నాయి. మా ప్రాంతంలో తోడేళ్ళు పోయి నూరేళ్ళు దాటింది. తుపాకి పట్టే వాళ్ళు ముసలివాళ్ళవుతున్నారు, ఏటేటా తగ్గుతున్నారు. జింకలు మితిమీరిన అడవిలో ఓక్ మొక్క మోకాలి ఎత్తు దాటదు. వసంతంలో తెల్లగా పూచే ట్రిల్లియం మాయమవుతుంది. చెట్ల కింద పొదలు లేక పక్షులకు గూళ్ళుండవు. దేశంలో ఏటా పది లక్షలకు పైగా కార్లు జింకలను గుద్దుకొంటున్నాయి. అత్యవసర విభాగంలో రాత్రి డ్యూటీ చేసిన వారికి అక్టోబరు, నవంబరు నెలల సంగతి చెప్పనక్కరలేదు. లైమ్ జ్వరం మోసే గోమారి పెద్దయ్యాక రక్తం తాగి గుడ్లు పెట్టుకోవడానికి ఆశ్రయించేది ముఖ్యంగా జింకనే.

అరిజోనాలో కైబాబ్ పీఠభూమి కథ ప్రసిద్ధమైనది. 1906లో థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని జింకల అభయారణ్యం చేశాడు. వేట ఆపారు; తోడేళ్ళను, కొండసింహాలను ప్రభుత్వమే చంపించింది. జింకలు పెరిగాయి, అందినంత ఎత్తు వరకూ ఆకు మేసేశాయి, 1920ల మధ్య చలికాలాల్లో తిండి లేక వేలకు వేలు చచ్చాయి. ఎన్ని పెరిగాయి, ఎన్ని పోయాయి అన్న లెక్కల మీద పండితులకు ఇప్పటికీ తగాదా ఉంది. ఆకలి చావుల మీద మాత్రం లేదు. విస్కాన్సిన్‌లో ఆల్డో లియొపోల్డ్ 1940లలో ఆడజింకలను కూడా వేటాడనివ్వాలని వాదించి ఊరూరా తిట్లు తిన్నాడు. ఆయన జంతువులను ప్రేమించని వాడని ఎవరనగలరు?

కాబట్టి ‘మేము పెడతాము, చంపనివ్వము’ అనేది వినడానికి చల్లగా ఉన్నా, లోపల ఒక కాఠిన్యం ఉంది. జూన్‌లో మా క్లోవర్ తిని బలంగా పుట్టిన కవలలు ఫిబ్రవరిలో ఎవరి అడవి మేయాలి? ఆ లెక్క చూడకుండా పెట్టిన చేయి తన చేతికి నెత్తురు అంటలేదని మాత్రమే చూసుకొన్న చేయి. పుణ్యం మాకు, ఆకలి వాటికి. ఇంకొక మాట. మాంసం ముట్టని మాబోటి వాళ్ళ సోయా పెరుగూ, మొక్కజొన్న రొట్టే పండిన చేలలో పంట నష్టం పేరు మీద ప్రత్యేక అనుమతులతో జింకలను కాలుస్తూనే ఉన్నారు. ఆ తుపాకి చప్పుడు మన కిరాణా కొట్టు దాకా వినపడదు, అంతే.

మహాభారతంలో జింకలు మాట్లాడే ఘట్టాలు రెండు మాకు ఈ సందర్భంలో జ్ఞాపకం వచ్చాయి. అరణ్యపర్వంలో ద్వైతవనపు జింకలు ధర్మరాజు కలలో కనిపించి, మేము విత్తనానికి మాత్రమే మిగిలాము, మీరు వేరే వనానికి పోతే మళ్ళీ వృద్ధి పొందుతాము అని వేడుకొంటాయి. వేట పాపమని అవి అనలేదు. సంఖ్య గురించి అడిగాయి. ధర్మరాజు విని కామ్యకవనానికి తరలిపోయాడు. నేటి మిచిగన్ జింకలు ఎవరి కలలోనైనా కనిపిస్తే మరో రకంగా అడుగుతాయేమో.

రెండవది ఆదిపర్వంలో పాండురాజు కథ. జింక రూపంలో భార్యతో కూడి ఉన్న కిందమ మునిని కొట్టాడు. ముని శాపం పెడుతూ ఏమన్నాడో గమనించండి. జింకను చంపినందుకు నిన్ను నిందించను, ఆ సమయం గడిచేదాకా ఆగనందుకు నిందిస్తున్నాను అన్నాడు. అంటే చావుకన్నా సమయం ముఖ్యమన్నాడు. మన ఇళ్ళల్లోనూ ఆ మర్యాద ఉంది. విస్తరి ముందు కూర్చొన్న వాణ్ణి లేపకూడదు. అప్పులవాడైనా భోజనం అయ్యేదాకా అరుగు మీద కూర్చొంటాడు. తింటున్నవాడు తల వంచి ఉంటాడు, నమ్మి ఉంటాడు.

మాకు అడ్డం తగిలింది అదేనని అప్పుడు తెలిసింది. పెట్టడం కాదు, వేట కూడా కాదు. పెట్టిన విస్తరినే ఉచ్చుగా వాడుకోవడం. పెట్టిన వాడికి రెండు బాధ్యతలు ఉన్నాయనిపిస్తుంది: తన తిండితో పెరిగిన సంఖ్యకు జవాబు చెప్పుకోవడం ఒకటి, తిండి చోట ద్రోహం చేయకపోవడం రెండవది.

పెద్దాయనతో ఇలా చెప్పాము. వసంతంలో క్లోవర్, ఓట్స్ వేద్దాము. ఆగస్టులో టర్నిప్‌లు వద్దు. వేటాడుకోండి, అయితే మడి పక్కన మంచె వద్దు, లోపల ఓక్ చెట్లలో అవి నడిచే దారిన కట్టుకోండి. అనుమతి పత్రాలు దొరికినంతవరకూ ముందు ఆడజింకలనే కొట్టండి, కొమ్ముల కోసం కూర్చోవద్దు. ఆయన టోపీ తీసి తల గోక్కొన్నాడు. “ఎక్కడ చచ్చినా జింకకు తేడా ఏముంది, డాక్?” అన్నాడు. ఆ మాటలో బలం లేకపోలేదు. జింకకు తేడా లేదు. తేడా మాకే. గుమ్మం ముందు పిలిచి కొట్టేవాడికీ బజారులో ఎదురుపడి కొట్టేవాడికీ దెబ్బ తిన్నవాడి ఒంటి మీద గాయం ఒకటే కావచ్చు. కానీ ఆ రెండు ఇళ్ళలో పెరిగే పిల్లలు ఒకేలా పెరగరని మా నమ్మకం. ఆయన అంత దూరం వాదించలేదు. ఆడజింక మాంసమే మెత్తన అంటూ ఒప్పుకొన్నాడు. తన ఇంటికి సరిపోగా మిగిలింది ఊరి చర్చిలోని ఆహార భాండారానికి ఇస్తానని తానే అన్నాడు.

మా అమ్మకు ఫోనులో ఇదంతా విన్నవించాము. “చదువుకొన్నవాళ్ళు, దేనికైనా ఒక దారి కనిపెడతారు” అన్నది. అది మెప్పో ఎత్తిపొడుపో మాకు అంతు పట్టలేదు.

మట్టి పరీక్ష ఫలితం గత వారం వచ్చింది. పుల్లటి నేల, పి.హెచ్. 5.6 ఉంది. క్లోవర్‌కు ఆరున్నర దగ్గరలో ఉండాలి. సున్నం ఇప్పుడు చల్లినా నేలలో పని చేయడానికి నెలలు పడుతుంది గనుక, ఈ ఏడు ఓట్స్‌తో పాటు పులుపును కొంత ఓర్చుకొనే ఎర్ర క్లోవర్ కలిపి వేస్తున్నాము. తెల్ల క్లోవర్‌ను వచ్చే మార్చి మొదట్లో, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజులలో, దున్నకుండానే పైన చల్లాలి. మంచు నేలను పగలదీసి గింజను తానే లోపలికి లాక్కొంటుంది. విత్తనానికి వేళ్ళ బుడిపెలలో ఉండే బాక్టీరియా పొడి పట్టించడం మరవకూడదట. మడి నడుమ మూడడుగుల తీగవల బుట్ట ఒకటి బోర్లించి మేకులు కొడతాడు పెద్దాయన. జూలైలో బుట్ట లోపలి క్లోవర్ ఎత్తు, బయటి క్లోవర్ ఎత్తు కొలిచి చూస్తే మా అడవిలో ఎన్ని నోళ్ళున్నాయో తెలుస్తుంది. దాన్ని బట్టి నవంబరు సంగతి మాట్లాడుకొంటాము.